చక్రాల పడవకి వీడ్కోలు సభ

మొన్న ఆదివారం వాంకూవర్ నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. ఒకప్పుడు కెనడాలో మా ఊరు సార్నియాలో, మా ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండి కాలేజీ చదువుకున్నవాడు, కడప వైపు పిల్లవాడు. ఇప్పుడు అక్కడ ఏదో కంపెనీలో స్థిరపడ్డాడు. కుశల ప్రశ్నలయ్యాక అసలు సంగతి బయటపెట్టాడు. వాళ్ళ మేనేజరు రిటైరవుతోందట, ఆవిడకి మన పద్ధతిలో సన్మానం చేసి చూపిస్తానని వీడు ఆఫీసులో మాటిచ్చేశాడట. "ఆంటీ, శాలువా ముందు కప్పల్లా, దండ ముందు వెయ్యల్లా? పెద్దమ్మ చెప్పింది గానీ మర్చిపోయినా" అన్నాడు. శాలువా ముందు, దండ తర్వాత, లేకపోతే కింద పూలు నలిగిపోతాయి అని చెప్పాను. ఫోన్ పెట్టేశాక పొయ్యి మీద పప్పు సంగతి మరిచిపోయి కిటికీ దగ్గరే నిలబడిపోయాను. ఆ సూత్రం నాది కాదు, మా వదినగారిది. ఆవిడ దాన్ని మాకు నేర్పింది మనిషికి చేసిన సన్మానంలో కాదు. విక్టోరియా రాణి కాలంలో ఇక్కడి నదిలో, సరస్సుల్లో తిరిగిన ఒక చక్రాల పడవకి చేసిన సన్మానంలో.

వదినగారంటే మావారి అక్కగారు. కాకినాడలో ఒక గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగారు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ ఆవిడది. ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరిని ఎక్కడికి బదిలీ చేశారు, ఎవరి ఇంక్రిమెంటు ఎందుకాగింది, ఎవరు ఏ నెలాఖరుకి దిగిపోతారు అన్నవన్నీ ఆవిడ చేతి మీదుగా నడిచేవి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే లీవు దొరకలేదనేవారు. ఆఫీసులో ఎవరు రిటైరైనా వీడ్కోలు సభ బాధ్యత ఆవిడదే. శాలువా ఏ కొట్లో కొనాలి, దండకి ఏ పూలు పనికిరావు, వేదిక మీద ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెడితే కొట్టుకోకుండా ఉంటారు, ఏ ఉపన్యాసకుడి చేతిలోంచి మైకు ఎప్పుడు లాక్కోవాలి అన్నవి ఆవిడకి కొట్టిన పిండి. రిటైరైనవాడికి గోడ గడియారమే ఎందుకిస్తారండీ, ఇక టైముకి లేవక్కర్లేని మనిషికి, అని ఒకసారి నేను అడిగితే, అందరూ ఇస్తున్నారు కాబట్టి ఇస్తాం, నీకు వేరే ఆలోచన ఉంటే చెప్పు అన్నారు. నాకు వేరే ఆలోచన లేదు.

అన్నేళ్ళు అందరికీ సభలు చేసిన ఆ మనిషికి మాత్రం సభ జరగలేదు. ఆవిడ దిగిపోయే నెలలోనే కరోనా వచ్చి ఆఫీసులు మూసేశారు. తర్వాత చేద్దామన్నారు, తర్వాత పై అధికారి మారిపోయాడు, తర్వాత అందరూ మరిచిపోయారు. విమానాలు మళ్ళీ తిరగడం మొదలయ్యాక వదినగారు విజిటర్ వీసా మీద మా దగ్గరికి వచ్చారు. పెట్టె తెరిస్తే ఊరగాయల మధ్య జరీ అంచు శాలువా ఒకటి కనిపించింది. అది తమ్ముడికి కప్పడానికి. మావారు ఆ మధ్యనే ఇక్కడి కెమికల్ ప్లాంటులో రిటైరయ్యారు. ఇక్కడి పద్ధతి ప్రకారం భోజనాల గదిలో పలకలాంటి కేకు ఒకటి కోసి, అందరూ సంతకాలు పెట్టిన కార్డు ఒకటి చేతికిచ్చి, మళ్ళీ ఎవరి పనికి వాళ్ళు పోయారు. ఆయనకి అదే హాయిగా అనిపించింది. శాలువా చూసి, నాకొద్దక్కా, నీకే జరగలేదు కదా, నేనే నీకు కప్పుతా అన్నారు. వదినగారు శాలువా మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేశారు. "రిటైరై ఇన్నేళ్ళయ్యాక ఇంట్లో కూచోబెట్టి కప్పితే అది చలికి కప్పినట్టేరా. వద్దు" అన్నారు. తర్వాత మేం ఎన్నిసార్లు కదిపినా అదే జవాబు. కానీ ఊళ్ళోంచి ఎవరిదైనా సన్మానం ఫోటో వాట్సాప్‌లో వస్తే ఆవిడ దాన్ని పెద్దది చేసుకుని మొహాలన్నీ ఒక్కొక్కటే చూసేవారు. చూసి, పూలు బాగాలేవు అనేవారు. ఆ బాధ ఎంత ఉందో నాకు అక్కడే తెలిసేది. దాన్నెలా తీర్చాలో మాత్రం మాలో ఎవరికీ తెలియలేదు.

ఆ రెండు మూడేళ్ళూ మా ఊళ్ళో ఎటు చూసినా మన పిల్లలే. రసాయనాల ఫ్యాక్టరీలు, సోమవారం మధ్యాహ్నం పరీక్షకని మోగే సైరను, నది అవతల అమెరికా, ఇంతే సార్నియా అనుకుని బతికిన మాకు, కాలేజీ పుణ్యమా అని కొట్లో, కాఫీ షాపులో, బస్టాపులో ఒక్కసారిగా తెలుగు వినిపించడం మొదలైంది. బస్టాపులో మరీ ఎక్కువ వినిపించేది, ఎందుకంటే బస్సులు రావు కాబట్టి అందరూ అక్కడే నిలబడి ఉండేవారు. మా బేస్‌మెంట్‌లో కడప అబ్బాయి, అతని స్నేహితుడు ఉండేవారు. పక్క గదిలో వరంగల్ అమ్మాయి ఉండేది. ఆ పిల్ల పొద్దున కాలేజీకీ సాయంత్రం కాఫీ షాపుకీ మంచులో నడిచి వెళ్ళి వచ్చేది. కడప అబ్బాయి నలుగురితో కలిసి పాత కారు ఒకటి కొన్నాక మా వీధిలో వాడికి పెద్దరికం వచ్చింది. వదినగారు వచ్చిన వారానికే వీళ్ళందరి జాతకాలూ ఆవిడ దగ్గరికి చేరిపోయాయి. ఎవరి ప్రోగ్రాం ఎప్పుడు అయిపోతుంది, ఎవరి వర్క్ పర్మిట్ ఎప్పుడు అప్లై చెయ్యాలి అన్నీ ఆవిడకి నోటికి వచ్చేశాయి. కాకినాడ సెక్షన్ మా వంటింట్లో మళ్ళీ తెరిచినట్టయింది.

ఎండాకాలం వచ్చాక ఆవిడని నది ఒడ్డుకి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. వంతెన కింద బండ్ల దగ్గర ఆలుగడ్డ వేపుడు కొని, ఇక్కడివాళ్ళలా దాని మీద వెనిగర్ పోసుకోకుండా, ఇంటి నుంచి పొట్లం కట్టి తెచ్చిన కారం చల్లుకుని తినేవాళ్ళం. వీధి అంత పొడుగున్న సరుకు ఓడలు మా ముందు నుంచే, చెయ్యి చాపితే అందేటంత దగ్గరగా హ్యూరాన్ సరస్సులోకి వెళ్ళేవి. ఒకరోజు వాన పడుతుంటే తడవకుండా ఉంటుందని ఒడ్డునున్న చిన్న మ్యూజియంలోకి దూరాం. మాతో వరంగల్ అమ్మాయి కూడా ఉంది. అదే మొదలు. ఆ తర్వాత వానలేని రోజుల్లో కూడా వదినగారి కాళ్ళు అటే వెళ్ళేవి.

మ్యూజియంలో ఒక ముసలాయన ఉండేవారు, స్వచ్ఛందంగా పని చేసేవారు. ఎప్పుడూ పలకరించే మనిషి లేక ఆయన, వినే మనిషి దొరికితే అడిగేవాటికి అంతులేక వదినగారు, మధ్యలో రెండు భాషల మధ్య పరుగులు పెడుతూ వరంగల్ అమ్మాయి. గోడ మీద ఒక పడవ బొమ్మ ఉంది. రెండు పక్కలా గిరకల్లాంటి పెద్ద చక్రాలు, చక్రాల నిండా చెక్క పలకలు, మధ్యలో నల్లటి పొడుగాటి పొగగొట్టం. ఆవిరితో చక్రం తిరుగుతుంది, పలకలు నీళ్ళని వెనక్కి తోస్తాయి, పడవ ముందుకు పోతుంది. బ్రిటిష్ నౌకాదళం వాళ్ళ పడవ. పేరు చెప్పను, ఆ రోజుల్లో రాణీగార్లకీ యువరాణులకీ పెట్టే పేర్లలో ఒకటి. అద్దాల పెట్టెలో ఆ చక్రం పలక ముక్క ఒకటి మిగిలింది. బొమ్మ కింద రాసిన నాలుగు వాక్యాలు చదివి నేనైతే ముందుకు పోయేదాన్ని. వదినగారు అక్కడే కుర్చీ వేయించుకున్నారు. మొదటి రోజు నుంచే ఆ పడవని ఆవిడ, ఆవిడ అనే అన్నారు. "ఈవిడ సర్వీసు మొదటినుంచీ చెప్పమను" అన్నారు ఆ పిల్లతో.

ఆ పడవ కథ నాకు ఇంగ్లీషులో తెలిసినదానికంటే వదినగారి మాటల్లోనే ఎక్కువ తెలుసు. సాయంత్రం అన్నాల దగ్గర పిల్లలకి ఆవిడ చెప్పేవారు, నేను వడ్డిస్తూ వినేదాన్ని. అపాయింట్‌మెంట్ ఒకచోట, జాయినింగ్ ఇంకోచోట అని మొదలుపెట్టేవారు. అప్పట్లో అటు అమెరికాకీ ఇటు బ్రిటిష్ వాళ్ళ కెనడాకీ మళ్ళీ యుద్ధం వస్తుందన్న భయం ఉండేది. సరస్సుల్లో కాపలాకని ఈ పడవ ఇనుప ముక్కల్ని ఇంగ్లాండులో తయారుచేసి, సముద్రం దాటించి, ఇక్కడి ఒడ్డున బిగించారు. ఫిరంగి ఒక్కటే ఇచ్చారు. రెండు దేశాలూ రాసుకున్న ఒప్పందం ప్రకారం అంతకంటే పెట్టుకోకూడదు. యుద్ధం రాలేదు. ఆ ఫిరంగి గుడ్డ కప్పుకుని కూర్చునేది, నావికులు దాని మీద చొక్కాలు ఆరేసుకునేవారట. ఏ పనికి తీసుకున్నారో ఆ పని లేదు, కానీ మనిషి డ్యూటీలో ఉంది, మరి ఊరుకుంటారా, అదనపు బాధ్యతలు అప్పగించారు అనేవారు వదినగారు. టపా మొయ్యమన్నారు. దొరలని మొయ్యమన్నారు. ఒక దొరసాని పియానోని ఒక రేవు నుంచి ఇంకో రేవుకి చేర్చమన్నారు. పియానో తడవలేదట, అది కూడా ముసలాయన చెప్పారు, వదినగారు అక్కడ కాస్త ఆగి అందరి మొహాలూ చూసేవారు.

సరస్సు నోటి దగ్గర, అంటే ఇప్పుడు మా వంతెన ఉన్నచోట, నీటి వడి ఎక్కువ. తెరచాప పడవలు ఎగువకి పోవాలంటే దక్షిణపు గాలి వీచాలి. వీచకపోతే రోజుల తరబడి ఒడ్డునే పడుండాలి, లోపల తిండి అయిపోతున్నా సరే. ఈ చక్రాల పడవ అటు వెళ్ళేటప్పుడు తాడు విసిరి ఒకటి రెండు తెరచాప పడవల్ని వెనక కట్టుకుని లాక్కుపోయేది. ఆ పని చెయ్యమని పైనుంచి ఉత్తర్వు లేదు. చెయ్యొద్దనీ లేదు. ఇది చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో వచ్చే గౌరవం ఇంతా అంతా కాదు. మధ్యలో డిప్యుటేషన్ మీద నీటి అడుగున రాళ్ళు ఎక్కడున్నాయో కొలిచే పనికి పంపారు. అక్కడే పటంలో లేని ఒక రాయికి తగిలి చక్రం విరిగింది. విచారణ జరిగింది, కెప్టెన్ తప్పేం లేదు, పడవే సరిగ్గా తిరగలేదు అని తేల్చారు. మా ఇంట్లో ఆ విచారణ మళ్ళీ జరిగింది. పటం గియ్యడానికి పంపించి, పటంలో లేని రాయికి తగిలితే తప్పు పడవదెలా అవుతుందని వదినగారు చపాతీ కర్ర పట్టుకుని అడిగితే కడప అబ్బాయి కంచం పట్టుకుని పక్కకి జరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత ఎక్కడో ఉత్తరాన ఉన్న అఖాతానికి పంపించారు. పనిష్మెంట్ పోస్టింగ్, ఇంకేముంది అన్నారు ఆవిడ. అక్కడ మంచు గడ్డలు కొట్టుకుని పలకలు విరుగుతుంటే విరిగినచోటల్లా కొత్తవి బిగించుకుంటూ పని చేసింది.

ఒక ఎండాకాలం సముద్రం దాటి వలస వచ్చినవాళ్ళు జ్వరాలతో రేవులో పడి ఉంటే సొంత పడవలవాళ్ళు ఎవరూ ఎక్కించుకోలేదు. నౌకాదళం వాళ్ళ పడవ కాబట్టి దీన్ని పంపారు. ఆసుపత్రి ఉన్న ఊరిదాకా వాళ్ళని మోసింది. నావికుల్లో కొందరికి అంటుకుంది. ఈ ముక్క మాత్రం వదినగారు సర్వీసు భాషలో చెప్పలేదు. జ్వరం వచ్చినవాళ్ళని మోసిందమ్మా అని, అంతే.  రెండేళ్ళ కిందటి కరోనా సంగతులు అందరికీ గుర్తున్నాయి. వరంగల్ అమ్మాయి వాళ్ళ నాన్నని అంబులెన్సులో తీసుకెళ్ళిన డ్రైవరు పేరు కూడా వాళ్ళకి తెలియదని చెప్పింది. ఆయన బతికి బయటపడ్డాడు.

ఇంత చేశాక ఏమైందంటే, వెనక నీళ్ళలో మర తిరిగే కొత్త రకం ఓడలు వచ్చాయి. చక్రాలు పాతబడ్డాయి. పెట్టుబడి దండగ అన్నారు. ఆ చివరి భాగం ముసలాయన చెబుతున్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. వరంగల్ అమ్మాయి విని, కాసేపు తటపటాయించి చెప్పింది. "పెద్దమ్మా, గా పడవని అమ్మేసిన్రంట. ఇంజను పీకేసి బొగ్గు మోయనీకి వాడుకున్నరంట. చివరికి యాడ మునిగిందో ఎవ్వరికీ తెల్వదంట."

వదినగారు కుర్చీ బొమ్మ దగ్గరికి జరుపుకున్నారు. తర్వాత, "వీడ్కోలు సభ చేశారేమో కనుక్కో" అన్నారు. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను అడగమన్నట్టు తల ఊపాను. ముసలాయనకి ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. లేదట. ఒక పొద్దున జెండా దించేశారు, కట్టిన తాళ్ళు కొన్నవాళ్ళ చేతికిచ్చారు, నావికులు సామాన్లు భుజానేసుకుని వెళ్ళిపోయారు.  ఇంటికొచ్చే దారిలో వదినగారు, ఇన్నేళ్ళ సర్వీసు చేయించుకుని ఒక్కడూ నిలబడి రెండు మాటలు చెప్పలేదా అని పైకే అన్నారు.  మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ, "అమ్మాయ్, ఆవిడకి మనం చేద్దాం" అన్నారు. పెట్టెలోంచి శాలువా తీసి వాసన చూసి, మామిడికాయ వాసన వస్తోందని ఎండలో ఆరేశారు.

మావారు తెల్లబోయారు. మునిగిపోయిన పడవకి శాలువా ఎక్కడ కప్పుతాం అన్నారు. దానికి వదినగారి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. మ్యూజియం ఎదుటి పచ్చికలో పాత లంగరు ఒకటి రాతి దిమ్మ మీద నిలబెట్టి ఉంది, మనిషంత ఎత్తుంటుంది. లంగరు కంటే పడవకి దగ్గర బంధువు ఎవరుంటారు అన్నారు. ముసలాయన దగ్గరికి వెళ్ళి అనుమతి అడిగాం. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు, సభకి అధ్యక్షులు మీరేనంటే కంగారుపడి ఏం చెయ్యాలని అడిగారు. ఏమీ చెయ్యక్కర్లేదు, మధ్య కుర్చీలో కూర్చోవాలి అని చెప్పించారు వదినగారు. దండకి బజార్లో దొరికే చామంతుల గుత్తులు కొన్నాం. దారం సరిగ్గా లేకపోతే కడప అబ్బాయి పళ్ళ సందులు శుభ్రం చేసుకునే దారం పట్టుకొచ్చాడు. అది తెగదు, కాస్త పుదీనా వాసన వస్తుంది, అంతే తేడా. నేను లడ్డూలు, కారప్పూస చేసి పొట్లాలు కట్టాను. ఆ వారమంతా వదినగారు హుషారుగా, చిరాగ్గా, ఆకలి మరిచిపోయి తిరిగారు. ఆవిడ ఆఫీసులో ఎలా ఉండేవారో నేను మొదటిసారి చూసింది అప్పుడే. ఇంత సమర్థత ఉన్న మనిషిని ఒక్క మాటైనా అనకుండా పంపేశారే అని నాకు ఆ కాకినాడ ఆఫీసు మీద కోపం వచ్చింది.

సభ నాటి సాయంత్రం పిల్లలు బాగానే వచ్చారు. ఊళ్ళో ఉన్న తెలుగు డాక్టరుగారూ భార్యా వచ్చారు. చేపలు పడుతున్న ఇద్దరు ముసలివాళ్ళు, మావారితో ప్లాంటులో పని చేసినవాళ్ళు, గాలాలు చుట్టేసి వచ్చి వెనక నిలబడ్డారు. ముసలాయన టై కట్టుకొచ్చారు. వరంగల్ అమ్మాయి పడవ సర్వీసుని ఇంగ్లీషులో చదివింది, డిప్యుటేషన్, పనిష్మెంట్ పోస్టింగ్‌తో సహా. ప్లాంటు ముసలివాళ్ళు పనిష్మెంట్ పోస్టింగ్ దగ్గర గట్టిగా నవ్వి ఒకర్నొకరు పొడుచుకున్నారు. మావారు లంగరుకి శాలువా కప్పారు. నది మీద గాలికి అది ఎగిరిపోబోతే బట్టల క్లిప్పులు పెట్టాం. శాలువా మీద దండ వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడే ముసలాయన కుర్చీలోంచి వంగి, ఆ పిల్ల చెవిలో ఏదో చెప్పారు.  ఆ పిల్ల వదినగారి దగ్గరికి వచ్చి, చాలా నెమ్మదిగా, ఆ లంగరు మన పడవది కాదంట పెద్దమ్మా అంది. చాలా ఏళ్ళ తర్వాత మునిగిన ఏదో గోధుమల ఓడదట. ఫోటోల కోసం అక్కడ పెట్టుకుంటున్నారనుకుని ఆయన ముందు చెప్పలేదు. ఇప్పుడు సంగతి అర్థమై బాధపడుతున్నారు. నేను వదినగారి మొహం చూడలేక నేల చూశాను. ఇన్ని సభలు చేసిన మనిషి, ఒక్కసారైనా ఒకరి శాలువా ఇంకొకరికి కప్పించని మనిషి. ఆవిడ లంగరుని ఒకసారి పైనుంచి కిందిదాకా చూశారు. "దానికి మాత్రం ఎవరు చేశారే? ఉండనీ. కప్పింది తియ్యకూడదు" అన్నారు. ఆ పిల్ల దాన్ని ముసలాయనకి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

సభలో ఆఖరుది సన్మానం పొందినవారి జవాబు. అది లేకపోతే సభ పూర్తయినట్టు కాదు. పడవ తరఫున నాలుగు మాటలు డాక్టరుగారు చెబుతారని ముందు అనుకున్నాం. ఆయన లేవబోతుంటే వదినగారు చెయ్యి అడ్డం పెట్టి తనే వెళ్ళి లంగరు పక్కన నిలబడ్డారు. ఆవిడ వెయ్యి సభలు నడిపించినా మైకు ముందు నిలబడి మాట్లాడింది ఎన్నడూ లేదని మావారు తర్వాత చెప్పారు. ఆ రోజు మైకు లేదు, గాలి ఉంది. వరంగల్ అమ్మాయి పక్కన నిలబడి ముక్క ముక్కా ఇంగ్లీషులో చెప్పింది.

"సభకి నమస్కారం" అన్నారు వదినగారు. "నాకు కూత వెయ్యడమే గానీ మాట్లాడటం రాదు. నన్ను యుద్ధానికని తెచ్చారు. యుద్ధం రాలేదు, మంచిదే అయింది. వచ్చిన పనల్లా చేశాను. ఎదురు నీళ్ళలో ఆగిపోయినవాళ్ళకి తాడు అందించాను. నేను లాక్కొచ్చిన పడవలన్నీ పెద్ద పెద్ద ఊళ్ళు చేరాయి. వాటి పేర్లన్నీ నాకు తెలుసు. ఒకసారి తప్పు నా మీద వేశారు. అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను, ఆ తప్పు నాది కాదు."

అక్కడిదాకా అందరూ నవ్వుతూనే ఉన్నారు. ఆవిడ నదికేసి చూసి, మళ్ళీ మొదలుపెట్టారు.

"ఆఖరి రోజున నాకోసం ఎవరూ రాలేదు. రాకూడదు కూడా, జ్వరాల రోజులు. గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు, మూతికి గుడ్డ కట్టుకుని. తాళాలు వాడి చేతిలో పెట్టాను. వాడు నమస్కారం పెట్టి, అమ్మా, రేపట్నుంచి మీరు రారా అన్నాడు. నేను జవాబు చెప్పకుండా వచ్చేశాను. ఏవయ్యా, రాను. నన్ను సాగనంపింది నువ్వొక్కడివే. నీకు నా నమస్కారం. ఇంతే నేను చెప్పాలనుకున్నది."

వరంగల్ అమ్మాయి గేటు దగ్గరే ఇంగ్లీషు ఆపేసింది. పడవకి గేటేమిటని, తాళాలేమిటని ఎవరూ అడగలేదు. ముసలాయనకి భాష రాకపోయినా లేచి నిలబడ్డారు. ఆయన్ని చూసి గాలాలవాళ్ళు టోపీలు తీశారు. చప్పట్లు కొట్టాలని కూడా మాకు తోచలేదు. మావారు మాత్రం మొహం అటు తిప్పుకుని అవతలి ఒడ్డుకేసి చూస్తున్నారు. అంతవరకు పెళ్ళిలో కూడా ఏడవని మనిషి ఆయన. నేను ఏడ్చాను, దాచుకోలేదు. తర్వాత వదినగారే తేరుకుని, "పొట్లాలు పంచండి, గాలికి చల్లారిపోతాయి" అన్నారు. ఎప్పుడో చల్లారిన లడ్డూలని పరుగున పంచాం.

మన ఆఫీసుల్లో ఇంకో ఆనవాయితీ ఉంది. సభ అయ్యాక రిటైరైన మనిషిని ఒంటరిగా పంపరు. ఆఫీసు బండిలో ముందు సీట్లో కూర్చోబెట్టి, దండ ఒళ్ళో పెట్టి, వెనక అందరూ ఎక్కి ఇంటి గుమ్మందాకా దిగబెట్టి వస్తారు. ఆ సంగతి నాకు గుర్తు లేదు. కడప అబ్బాయి వాళ్ళ నాన్న ఆర్టీసీలో కండక్టరు, ఆయన దిగిపోయినప్పుడు చూశాడు కాబోలు. కుర్చీలు సర్దుతుంటే వాడు లంగరు మీది దండ తీసి, ఆ పాత కారుని పచ్చిక అంచుదాకా తెచ్చి ఆపి, దిగి ఇటువైపు వచ్చి ముందు తలుపు తెరిచి నిలబడ్డాడు. "పెద్దమ్మా, రాండి, ఇంటికి దిగబెడతాం" అన్నాడు. వదినగారు మామూలుగా ఆ కొంచెం దూరానికి కారెందుకని తిట్టే మనిషి. వాడి చేతిలోని దండని చూశారు, వెనక నిలబడిన పిల్లల్ని చూశారు. అది ఏమిటో ఆవిడకి తెలియకపోవడం ఉండదు. ఇన్నాళ్ళూ వద్దన్న మనిషి ఈసారి వద్దనలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని ముందు సీట్లో కూర్చున్నారు. వాడు దండ ఒళ్ళో పెట్టాడు. "మెల్లిగా పోనీ" అన్నారు. మా ఇల్లు నాలుగు వీధుల అవతల. కారు నడక వేగంతో వెళ్ళింది. వెనక మేమంతా నడిచాం, ముసలాయన కూడా టై గాలికి ఎగురుతుండగా మాతో పాటు వచ్చారు. గుమ్మం దగ్గర ఆవిడ దిగి, మా అందరికీ ఒక్కొక్కరికే నమస్కారం చేసి లోపలికి వెళ్ళారు. మనిషి ఉద్యోగంలోంచి దిగే రోజు చేరిన రోజునే రాసి ఉంటుంది, ఇంటికి చేరే రోజుని మాత్రం కాలం తన దగ్గరే పెట్టుకుంటుంది.